తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?



మీ ఊళ్ళోనో, మీ వార్డులోనో ఉన్న కమ్యూనిటీ హాలును ఒకసారి తలచుకోండి. ముందు గోడలో నల్లరాతి ఫలకం ఉంటుంది. ప్రారంభించినవారి పేరు, సభకు అధ్యక్షత వహించినవారి పేరు, ఎంత సొమ్ముతో కట్టారో ఆ లెక్క, అన్నీ దానిమీద చెక్కి ఉంటాయి. ఆ రాతిమీద ఎవరూ చెక్కించని సంగతులు రెండున్నాయి. వానకు కప్పు కారితే బాగుచేయించే బాధ్యత ఎవరిది? తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

నేనెరిగిన ఒక హాలు ఉంది. ఊరు పేరు చెప్పను. పిల్లకు ఓణీల వేడుక చేసుకుంటామని ఒక కుటుంబం తాళం కోసం వెళితే, ఆఫీసువారు యువజన సంఘం దగ్గరకు పంపారు. యువజన సంఘంలో ఒకప్పుడు కార్యదర్శిగా ఉన్న వ్యక్తి పట్నం వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. చివరకు తాళం పగలగొట్టి చూస్తే లోపల ఎరువుల బస్తాలు, విరిగిన బెంచీలు, మూల చెదపుట్ట. కట్టడానికి డబ్బు దొరికింది, స్థలం దొరికింది. కట్టిన మరునాటి నుండి ఆ హాలును ఎవరు చూసుకోవాలన్నది మాత్రం ఏ కాగితం మీదా లేదు.

ఈ వారం మన పాఠం అటువంటి హాళ్ళను గూర్చి. పాడుబడిన సమాజ కేంద్రాన్ని ఒక సేవాసంస్థ, స్థానిక ప్రభుత్వం చేతులు కలిపి తిరిగి నిలబెట్టడం ఎలా? దీనికి మనం లండన్ నగరపు తూర్పు భాగానికి వెళ్ళాలి. అంత దూరం ఎందుకని అడగవచ్చు. ఈ పనిని అక్కడ నూరేళ్ళకు పైగా చేస్తూ, చెడగొట్టుకుంటూ, మళ్ళీ చేస్తూ వచ్చారు. చట్టాలు కూడా రాసుకున్నారు. పైగా ఆ హాళ్ళలో ఒకదానిలో మన గాంధీగారు దాదాపు పన్నెండు వారాలు నివసించారు.

ముందుగా రెండు మాటలు తెలుసుకుందాం. అక్కడ "కౌన్సిల్" అంటే మన పురపాలక సంఘం వంటిది. వీధులు, పార్కులు, గ్రంథాలయాలు, అద్దె ఇళ్ళు దాని చేతిలో ఉంటాయి. "చారిటీ" అంటే లాభం పంచుకోకుండా ప్రజల మేలుకోసం నడిచే ధర్మసంస్థ. దానిని నడిపే ధర్మకర్తలు సాధారణంగా జీతం పుచ్చుకోరు. ఇంగ్లండులో ఈ సంస్థల మీద చారిటీ కమిషన్ అనే ప్రభుత్వ శాఖ కన్ను వేసి ఉంచుతుంది. మొదటిది పన్నులతో నడుస్తుంది, రెండవది మనుషుల ఇష్టంతో నడుస్తుంది. రెండింటి నడక వేరు కాబట్టే వాటిని ఒక కాడికి కట్టడం కష్టం.

తూర్పు లండన్ ఓడరేవు కూలీల ప్రాంతం. 1884లో శామ్యూల్ బార్నెట్ అనే ఆంగ్లికన్ గురువు, ఆయన భార్య హెన్రియెట్టా అక్కడి వైట్‌చాపెల్‌లో టాయిన్‌బీ హాల్‌ను స్థాపించారు. చదువుకున్న యువకులు పేదల మధ్యకు వచ్చి కాపురం ఉండి, వారితో కలిసి పనిచేయాలన్నది దాని ఉద్దేశం. ఆ దారిలోనే మరో తరం తరువాత మ్యూరియల్ లెస్టర్, డోరిస్ లెస్టర్ అనే అక్కాచెల్లెళ్ళు బ్రోమ్లీ-బై-బో అనే పేటకు వచ్చారు. వీరి తండ్రి ఓడల నిర్మాణంలో సంపాదించిన ధనికుడు. తమ్ముడు కింగ్స్లీ 1914లో చిన్న వయసులోనే చనిపోయాడు. అతడు విడిచిపోయిన సొమ్ముతో ఒక పాత ప్రార్థనా మందిరాన్ని తీసుకొని, 1915లో "కింగ్స్లీ హాల్" పేరిట తెరిచారు. 1928లో పోవిస్ రోడ్డులో కొత్త భవనం లేచింది. పగలు పిల్లలు, సాయంత్రం కూలి పని ముగించుకొని వచ్చే పెద్దలు, ఆదివారం ఆరాధన. అంతా ఒకే కప్పు కింద.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మ్యూరియల్ హాలు నడుపుతూ అక్కడితో ఆగలేదు. ఆ పేట అప్పట్లో పోప్లర్ కౌన్సిల్ కింద ఉండేది. ధనిక పేటలతో సమానంగా పేద పేట పన్ను కట్టడం అన్యాయమని 1921లో 30 మంది కౌన్సిలర్లు జైలుకు వెళ్ళిన కౌన్సిల్ అది! ఆ మరుసటి సంవత్సరం, అంటే 1922లో, మ్యూరియల్ అందులో ఆల్డర్‌మన్‌గా, అంటే పెద్ద సభ్యురాలిగా చేరి 1926 వరకు ఉన్నారు. తల్లీబిడ్డల సంక్షేమ సంఘానికి అధ్యక్షత వహించారు. హాలులో చూసిన బిడ్డల ఆకలిని ఆమె కౌన్సిల్ బల్లమీదకు తీసుకుపోగలిగారు. సేవాసంస్థకు, కౌన్సిల్‌కు మధ్య ఆనాడు ఒప్పందపత్రం ఏమున్నదో గాని, రెండు చోట్లా కూర్చున్న మనిషి ఒకరున్నారు.

1931 సెప్టెంబరులో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీగారు లండన్ వెళ్ళారు. పెద్ద హోటలు వద్దని, పేదల మధ్య ఉంటానని చెప్పి ఈ కింగ్స్లీ హాలులోనే దిగారు. మేడమీద ఒక చిన్న గది, నేలమీద పడక. తెల్లవారకముందే లేచి ఆ పేట వీధుల్లో నడిచేవారు. పిల్లలు "అంకుల్ గాంధీ" అని వెంటపడేవారు. అక్టోబరు 2న ఆయన పుట్టినరోజుకు ఆ పిల్లలు బొమ్మలు, కొవ్వొత్తులు బహుమానంగా ఇచ్చారు. డిసెంబరు మొదటి వారంలో ఆయన బయలుదేరేవరకు ఆ గదే ఆయన ఇల్లు.

అంత చరిత్ర ఉన్న భవనం కదా, ఎవరైనా కళ్ళకద్దుకొని కాపాడి ఉంటారని మీరు అనుకోవచ్చు. అలా జరగలేదు. 1965 నుండి 1970 వరకు ఆర్.డి. లేయింగ్ అనే మానసిక వైద్యుడు, ఆయన మిత్రులు అక్కడ మనోవ్యాధిగ్రస్తులతో కలిసి ఒక ప్రయోగాత్మక నివాసం నడిపారు. వారు వెళ్ళిపోయాక హాలు ఖాళీ అయింది. ఏళ్ళ తరబడి తలుపులకు, కిటికీలకు చెక్కలు కొట్టి ఉంచారు. గాంధీగారు నిద్రించిన మేడ పావురాల పాలయింది. గోడలమీద ఎంత గొప్ప జ్ఞాపకం ఉన్నా, లోపల రోజూ దీపం వెలిగించే మనిషి లేకపోతే భవనం కూలడానికి ఎన్నో ఏళ్ళు పట్టదు.

పేటవారే మళ్ళీ కూడుకొని దానిని బాగుచేయించే పనికి పూనుకున్నారు. రిచర్డ్ ఆటెన్‌బరో తీసిన "గాంధీ" చిత్రం 1982లో విడుదలైంది. దాని కోసం అక్కడ జరిగిన చిత్రీకరణ కూడా ఈ ప్రయత్నానికి ఊతమిచ్చింది. 1985లో కింగ్స్లీ హాలు తిరిగి సమాజ కేంద్రంగా తెరుచుకుంది. పైన గాంధీగారి గది, కింద పేట ప్రజల కార్యక్రమాలు. పైగది కోసమే తెరిచి ఉంటే అది మ్యూజియం అయ్యేది. కింద పిల్లల గోల వినిపిస్తోంది గనుకనే అది సమాజ కేంద్రం అయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే పేటలో, నడిచిపోయేంత దూరంలో ఇంకొక కథ మొదలైంది. మనం ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడ.

1984లో ఆండ్రూ మాసన్ అనే యువ పాదిరి బ్రోమ్లీ-బై-బోలోని యునైటెడ్ రిఫార్మ్‌డ్ చర్చికి వచ్చారు. రెండు వందల మంది పట్టే గుడిలో పన్నెండు మంది ముసలివారు. బ్యాంకులో నాలుగు వందల పౌండ్లు. వెనుక పాడుబడిన హాలు. చుట్టూ కౌన్సిల్ కట్టించిన అద్దె ఇళ్ళ సముదాయాలు. బంగ్లాదేశ్ నుండి, ఇంకా ఎన్నో దేశాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. పనిలేని యువకులు. ఆయన స్థానంలో మనముంటే ఏం చేస్తాం? ముందు ఒక కమిటీ వేస్తాం, తరువాత చందా పుస్తకాలు అచ్చు వేయిస్తాం. ఆయన అది చేయలేదు. హాలు అడిగిన మనిషికల్లా తలుపు తెరిచారు.

పడవ కట్టుకుంటాను, చోటు కావాలని ఒకరు వచ్చారు. కట్టుకోమన్నారు. నాట్యం నేర్పుతామని, పసిపిల్లలను చూసుకుంటామని మరికొందరు వచ్చారు. చిలీ దేశపు నియంతృత్వం నుండి తప్పించుకొని వచ్చిన సాంటియాగో బెల్ అనే దారుశిల్పి వచ్చారు. కళాకారులతో కుదిరిన ఏర్పాటు చాలా సాదాగా ఉంది. అద్దె కట్టనక్కరలేదు, బదులుగా పేటవారికి ఆ పని నేర్పాలి. డబ్బు చేతులు మారలేదు గాని, ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. వచ్చినవారు యాచకులుగా రాలేదు, వచ్చినవారితో పాటు ఒక పని కూడా వచ్చింది.

గుడి లోపలి భాగాన్ని కూడా మార్చారు. మధ్యలో గుడారం వంటి పందిరి కింద ఆరాధన స్థలం, దాని చుట్టూ పిల్లల బడి. వారమంతా పసిపిల్లలు, ఆదివారం అదే చోట ప్రార్థన. ముసలివారు ఒప్పుకొన్నారా అని మీరు అడుగుతారు. ఒప్పుకొన్నారు. మన విచారణ పెద్దలు ఈ సంగతి చదివి ఏమంటారో నాకు తెలుసు, అయినా రాస్తున్నాను. పన్నెండు మందే మిగిలిన గుడిలో బెంచీలను కదిలించడం అంత కష్టం కాదేమో. నిండుగా ఉన్న గుడిలోనే అది కష్టం.

ఇక అసలు మలుపు. 1990ల మొదట్లో ఆ కేంద్రానికి వచ్చే ఒక యువతికి క్యాన్సరు వచ్చింది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి. ఆస్పత్రి ఉంది, కౌన్సిల్ వారి సాంఘిక సేవా శాఖ ఉంది, పేట డాక్టరు ఉన్నారు. ఎవరి ఫైలు వారి దగ్గర ఉంది. కాని ఆమె ఇంట్లో అన్నం వండేవారు, పిల్లలను బడికి తీసుకుపోయేవారు, రాత్రి మంచం పక్కన కూర్చునేవారు ఆ కేంద్రంలోని ఇరుగుపొరుగులే. ఆమె చనిపోయింది. ఇన్ని శాఖలుండి ఎందుకిలా జరిగిందని కేంద్రంవారు నిలదీసి, విచారణ జరిపించాలని పట్టుబట్టారు. ఆ మథనంలో నుండి ఒక ఆలోచన పుట్టింది. వైద్యం, చదువు, పని, పిల్లల సంరక్షణ ఒకే ఆవరణలో ఉండాలి. ఆ ఆవరణ పేటవారి చేతిలో ఉండాలి.

1997లో అక్కడ ఆరోగ్య కేంద్రం తెరుచుకుంది. అందులో విశేషం ఏమంటే, భవనం ధర్మసంస్థది, డాక్టర్లు అందులో అద్దెకుంటారు. మన దగ్గర సేవాసంస్థలు ప్రభుత్వ భవనం కోసం ఎదురుచూస్తాయి. ఇక్కడ ప్రభుత్వ వైద్యమే సేవాసంస్థ గడప తొక్కింది. ఆ అద్దె సంస్థకు నిలకడైన ఆదాయం అయింది. పక్కనున్న కౌన్సిల్ పార్కు ఒకప్పుడు తాగుబోతులకు, మత్తుసూదులకు నెలవు. దాని సంరక్షణ కూడా కేంద్రంవారు చేపట్టారు. భూమి కౌన్సిల్‌ది, చీపురు, పలుగు, తాళంచెవి కేంద్రానివి. సామ్ ఎవరింగ్టన్ మొదలైన డాక్టర్లు మందుచీటీ రాసినట్లే, ఒంటరితనంతో కుంగిన మనిషికి తోటపని తరగతి రాసి పంపడం మొదలుపెట్టారు. అప్పులలో మునిగినవారికి సలహాదారును రాసి ఇచ్చేవారు. ఇంగ్లండు ప్రభుత్వం 2019లో ప్రకటించిన దీర్ఘకాలిక వైద్య ప్రణాళికలో ఈ పద్ధతికి దేశమంతటా చోటు దొరికింది. అంతకు ముందే, 1999లో, ఇటువంటి ఆరోగ్య జీవన కేంద్రాల నిమిత్తం లాటరీ నిధుల నుండి 30 కోట్ల పౌండ్లు కేటాయించారు.

ఒక చిన్న మాట ఇక్కడ చెప్పక తప్పదు. గాంధీగారు కింగ్స్లీ హాలులో దిగిన ఆ 1931లోనే, మే నెలలో, పదకొండవ భక్తినాథ పోపుగారు "క్వాద్రజేసిమో ఆన్నో" అనే విశ్వలేఖను వెలువరించారు. చిన్న సంఘం తన చేతులతో చేయగల పనిని పెద్ద వ్యవస్థ లాక్కోకూడదని, అవసరమైనచోట దానికి సాయంగా నిలవాలని ఆ లేఖ బోధించింది. సహాయ సూత్రమని మీరు ప్రసంగాలలో విన్నది ఇదే. కౌన్సిల్ భూమినిచ్చి, కేంద్రం దానిని నడిపే ఏర్పాటు ఈ సూత్రానికి దగ్గరి ఉదాహరణ. అయితే సూత్రం ఒప్పుకున్నంత మాత్రాన కప్పు కారడం ఆగదు. కనుక కాగితాల దగ్గరకు వద్దాం.

ఇంగ్లండులో ఒక కౌన్సిల్ తన భవనాన్ని ధర్మసంస్థకు ఇష్టం వచ్చినట్లు రాసివ్వడానికి లేదు. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం ప్రజల ఆస్తిని రాదగిన మంచి ధరకు తక్కువగా ఇవ్వకూడదు. ఏడేళ్ళకు మించిన లీజు కూడా దాని కిందకే వస్తుంది. ఇది మంచి చట్టమే. లేకపోతే కౌన్సిలర్ల బంధువులే ముందు వరుసలో నిలబడతారు. కాని ఆటస్థలం, హాలు వంటివాటిని మార్కెట్ ధరకు ఏ సేవాసంస్థ కొనగలదు? అందుకని 2003లో ఒక సడలింపు ఇచ్చారు. ఆ ప్రాంతపు ఆర్థిక, సామాజిక, పర్యావరణ క్షేమానికి ఉపకరిస్తుందని కౌన్సిల్ భావిస్తే, 20 లక్షల పౌండ్ల వరకు ధర తగ్గించి ఇవ్వవచ్చు. 2007లో బారీ క్వర్క్ అనే అధికారి ఈ విషయం మీద ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. అప్పగించడంలో ప్రమాదాలున్నా వాటిని సర్దుకోవచ్చని, దారిలో దాటలేని అడ్డంకి ఏదీ లేదని ఆయన తేల్చారు. 2011లో మరో చట్టం వచ్చింది. దాని ప్రకారం పేటవారు తమకు విలువైన భవనాన్ని కౌన్సిల్ జాబితాలో ఐదేళ్ళపాటు నమోదు చేయించవచ్చు. యజమాని దానిని అమ్మదలిస్తే, కొనడానికి సొమ్ము కూడబెట్టుకోవడానికి వారికి ఆరు నెలల గడువు కోరే హక్కు ఉంటుంది. యజమాని వారికే అమ్మి తీరాలని మాత్రం లేదు.

ఇలా ఇచ్చే లీజులో అద్దె నామమాత్రం. అక్కడి న్యాయవాదులు దీనిని "మిరియపుగింజ అద్దె" అంటారు. ఏడాదికి ఒక మిరియపుగింజ ఇచ్చినా అద్దె చెల్లినట్లే! మన మలబారు మిరియం బంగారంతో తూగిన రోజులలో ఈ మాట పుట్టలేదని తెలుస్తూనే ఉంది.

"పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమన్నాడట" అని మనకొక సామెత ఉంది. ఊరికే వచ్చినదానికి కొలత అడగరాదని దాని భావం. భవనం విషయంలో మాత్రం కొలత అడిగి తీరాలి. ఎందుకంటే మిరియపుగింజ అద్దె ఉన్న లీజులోనే, నాలుగైదు పేజీల తరువాత, "మరమ్మతులన్నీ, బీమా అంతా పుచ్చుకున్నవారిదే" అన్న షరతు ఉంటుంది. 2010 తరువాత బ్రిటనులో కేంద్ర ప్రభుత్వం కౌన్సిళ్ళకిచ్చే నిధులు బాగా తగ్గాయి. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ వంటి మహానగర కౌన్సిల్ కూడా లెక్కలు పొసగడం లేదని చట్టప్రకారం ప్రకటించవలసి వచ్చింది. అటువంటి కాలంలో కౌన్సిల్ ఒక పాత హాలును చేతిలో పెడితే, అది కానుక కావచ్చు, మోయలేక దించుకుంటున్న మూట కావచ్చు. ఇచ్చేవారి మనసు చెడ్డదని నేననను. ఇచ్చేవారికే తెలియకపోవచ్చు.

అందుకని తెలిసిన సంస్థలు సంతకానికి ముందు అర్హతగల ఇంజనీరు చేత భవనాన్ని పరీక్ష చేయిస్తాయి. కప్పు ఎన్నేళ్ళు ఆగుతుంది? గోడలకు చెమ్మ నేల నుండి ఎక్కుతోందా, పై నుండి దిగుతోందా? కరెంటు తీగలు ఏనాటివి? ఆస్‌బెస్టాస్ ఉందా? ఈ చివరి ప్రశ్న అక్కడ చాలా పెద్దది. బ్రిటనులో 1999లో దాని వాడకాన్ని పూర్తిగా నిషేధించారు. అంతకుముందు కట్టిన హాళ్ళ పైకప్పులలో, గొట్టాల చుట్టూ అది ఉండవచ్చు. తీయించడానికి లైసెన్సు ఉన్న పనివారు కావలసి రావచ్చు, ఖర్చు ఒక్కోసారి కప్పు ఖర్చును మించుతుంది. మన దగ్గర ఆ రేకుల కిందే పిల్లలు నిద్రపోతున్నారు, అది వేరే వ్యాసం.

పరీక్ష నివేదిక చేతికి వచ్చాక బేరం మొదలవుతుంది. పెద్ద మరమ్మతులు చేసి అప్పగించమని కౌన్సిల్‌ను అడగవచ్చు, లేదా చేయించుకోవడానికి కొంత సొమ్ము ఇమ్మనవచ్చు. లీజు ఎన్నేళ్ళకన్నది కూడా ఇప్పుడే తేలాలి. ఐదేళ్ళ లీజు చూసి ఏ దాత కప్పు వేయించడు. ఐదేళ్ళ తరువాత ఆ కప్పు ఎవరిదో ఆయనకు తెలియదు కదా. కనుక పాతికేళ్ళకు తగ్గని లీజు అడుగుతారు. కొన్ని 99 ఏళ్ళకు, 125 ఏళ్ళకు కూడా ఉంటాయి. ధర్మసంస్థలకు స్థానిక పన్నులో 80 శాతం చట్టప్రకారమే తగ్గుతుంది, మిగిలిన 20 శాతాన్ని తగ్గించే అధికారం కౌన్సిల్‌కు ఉంది. అడిగినవారికి దొరుకుతుంది, అడగనివారికి బిల్లు వస్తుంది. 2021లో ప్రభుత్వం ఇటువంటి భవనాలను ప్రజలు సొంతం చేసుకోవడానికి 15 కోట్ల పౌండ్ల నిధి ఒకటి ప్రకటించింది. 2024 డిసెంబరులో దానిని మూసివేసింది. ఆ నిధినే నమ్ముకొని ప్రణాళిక రాసుకున్నవారి పరిస్థితి ఊహించుకోండి. గ్రాంటు వానవంటిది. కేంద్రాన్ని నడిపేది ఊట బావి. హాలు అద్దె, పిల్లల బడి రుసుము, చిన్న ఫలహారశాల, ఆరోగ్య కేంద్రం ఇచ్చే అద్దె వంటివి. అందులో నుండి ప్రతి ఏడూ కొంత తీసి మరమ్మతుల నిమిత్తం విడిగా దాచాలి. పదిహేనేళ్ళ తరువాత కప్పు తప్పక కారుతుంది. ఆనాటి కమిటీలో మనం ఉండము.

ధర్మకర్తలను గూర్చి కూడా ఒక మాట. నమోదుకాని సంఘం పేరిట లీజు తీసుకుంటే, నష్టం వచ్చినప్పుడు సంతకం పెట్టినవారి సొంత ఇంటిమీదకు రావచ్చు. ఇంగ్లండులో 2012 చివర నుండి ధర్మసంస్థలకు తమదైన చట్టబద్ధ రూపం ఒకటి ఏర్పడింది. దానిలో లీజు సంస్థ పేరిటే ఉంటుంది. అటువంటి రక్షణ లేకుండా మంచితనంతో ముందుకొచ్చే మనిషిని మనం ఇరికించకూడదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. లండన్ చట్టాలు మనకు వర్తించవు. మనకు 74వ రాజ్యాంగ సవరణ ఉంది, అది 1993 జూన్ నుండి అమలులో ఉంది. పురపాలక సంఘాలకు అధికారాలు అప్పగించే పన్నెండవ షెడ్యూలు దానితోనే వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే ఎం.పి. నిధుల పథకం మొదలైంది. "ఎం.పి. గారిని అడిగి మన విచారణ ఆవరణలో కమ్యూనిటీ హాలు కట్టించుకుందాం" అనే మాట చాలాచోట్ల వింటాను. దయచేసి ఆ ఆశ పెట్టుకొని తిరగకండి. ఆ పథకపు 2016 మార్గదర్శకాలలో ఆరాధనా స్థలాల లోపల, మత సంస్థల భూమిమీద పనులు నిషిద్ధమని స్పష్టంగా ఉంది. గుడి అయినా, మసీదు అయినా, చర్చి అయినా అంతే. ప్రజల సొమ్ము ప్రజలందరి స్థలంలో ఖర్చు కావాలన్నది న్యాయమైన నియమమే. సేవ చేసే నమోదిత సొసైటీలకు, ట్రస్టులకు దారి ఉంది. కాని అవి కనీసం మూడేళ్ళుగా పనిచేస్తూ ఉండాలి.

అంటే మనముందున్న దారులు రెండు. మన సొంత హాలును మన చందాలతో బాగుచేసుకొని, బ్రోమ్లీ-బై-బోలో చేసినట్లు తలుపు పేట అందరికీ తెరవడం ఒకటి. పురపాలక సంఘం స్థలంలో మూతపడిన హాలును, అన్ని మతాలవారు, అన్ని వీధులవారు ఉన్న నమోదిత సొసైటీ ద్వారా ఒప్పందం రాసుకొని నడపడం రెండవది. రెండవదానిలో మన పేరు గోడమీద ఉండదు. కొందరికి అది మింగుడుపడదు. అసలు హాలు కావాలా, పేరు కావాలా అన్నది ముందే కూర్చొని మాట్లాడుకోవడం మేలు.

సొసైటీ కావాలంటే ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు చాలు. ఏడుగురు దొరకడం సులభం. ఆ ఏడుగురిలో హాలు రోజూ వాడే తల్లులు, ట్యూషన్ చెప్పే అమ్మాయి, సాయంత్రం కూర్చొనే ముసలివారు ఎందరుంటారన్నది చూడండి. తీర్మానాలు రాసేవారే ఏడుగురూ అయితే, తాళంచెవి మళ్ళీ ఎవరి జేబులోకో పోతుంది.

ఈ ఆదివారం పూజ తరువాత ఇద్దరు ముగ్గురు కలిసి మీ వార్డు హాలు దాకా నడిచి వెళ్ళండి. వాన కురిసిన మరునాడైతే మరీ మంచిది, చెమ్మ ఎక్కడుందో గోడలే చూపిస్తాయి. తరువాత ఆఫీసుకు వెళ్ళి మూడు సంగతులు అడగండి. స్థలం ఎవరి పేరిట ఉంది, చివరి మరమ్మతు ఏ సంవత్సరంలో జరిగింది, నిర్వహణ ఎవరికప్పగిస్తూ ఏ కాగితం ఉంది. నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు చేతికి వచ్చాక సొసైటీ నియమావళి రాసుకోవాలి. దానిలో ఏ షరతులు తప్పక ఉండాలో వచ్చే సంచికలో చూద్దాం.